మంచం కింది అవ్వలు

సూరత్ పక్కన జోల్వా చాలిలో ఎవరైనా గది ఖాళీ చేస్తున్నారంటే, టెంపో కంటే ముందు అక్కడికి స్వరాజ్యం చేరేది. సాయం చేయడానికే వచ్చినట్టు కొంగు నడుముకు దోపుకుని రెండు గిన్నెలు అటూ ఇటూ సర్దేది. తర్వాత చల్లగా వెళ్లి, పట్టుకెళ్లాలో పారేయాలో తేల్చుకోలేక వాళ్లు గుమ్మం పక్కన పెట్టిన రోలు మీద కూర్చునేది. కూర్చోగానే మోకాలు పట్టేసేది. టెంపోవాడు హారన్ కొట్టేవాడు. ఇంటావిడ లేవమని బతిమాలేది. స్వరాజ్యం లేవబోయి, అబ్బా అని మళ్లీ కూలబడేది. చివరికి ఇంటాయన విసుగెత్తి, ఆ రోలు ఇక్కడే చావనీ, మనం పోదాం పదండి అనేవాడు. టెంపో మలుపు తిరిగేసరికి మోకాలు బాగయ్యేది. రోలును దొర్లించుకుంటూ తన గదికి తెచ్చుకునేది.

చాలి అంటే ఒకే రేకుల కప్పు కింద వరసగా గదులు, ముందు పొడుగాటి వసారా, ఆ చివర అందరికీ కలిపి ఒక నల్లా. పక్కనే మగ్గాల షెడ్లు. సిరిసిల్ల, జగిత్యాల వైపు నుంచి సూరత్‌కు బతకడానికి వచ్చిన నేతవాళ్లే ఆ గదుల్లో ఎక్కువ. స్వరాజ్యం గదిలో ఆమె, మగ్గం మీద పనిచేసే కొడుకు ఉమాకాంత్, కోడలు వినోద, కాలేజీకి వెళ్లే మనవరాలు రుచిత ఉండేవారు. మొగుడు మార్కండేయ పోయి చాలా కాలమైంది. ఆయన మిగిల్చిపోయిన ఆస్తి ఒక ఇనుప మంచం. దాని కాళ్ల కింద స్వరాజ్యం ఇటుకలు పెట్టి ఎత్తు పెంచింది. ఎందుకంటే ఆమె ఆస్తంతా ఆ మంచం కిందే ఉండేది.

ఆ ఆస్తి చూసి ఏ దొంగా ఆశపడడు. రోలు, రోకలి, విసుర్రాయి, బీడీలు చుట్టేటప్పుడు ఒళ్లో పెట్టుకునే చేట, ఈర్లు తీసే కట్టె దువ్వెన, పళ్లు విరిగిన కవ్వం, మాట్లు వేసిన సత్తు గిన్నె. అన్నీ పల్లెల్లో కష్టం చేసుకుని బతికిన ఆడవాళ్ల చేతుల్లో అరిగినవే. వాళ్ల కూతుళ్లో కోడళ్లో సూరత్ వచ్చేటప్పుడు మూటల్లో కట్టుకొచ్చారు. మిక్సీ కొనుక్కున్నాక వాటి మొహం చూడటం మానేశారు. స్వరాజ్యం మాత్రం ఒక్కదాన్నీ భంగార్ బండి ఎక్కనివ్వలేదు. భంగార్ అంటే పాత సామాను. ఆ బండివాడు చాలిలోకి వస్తే అతని తక్కెడ వైపు ఆమె చూసే చూపుకు పాపం అతనికి తూకం తప్పేది.

పైగా వాటిని ఆమె వస్తువుల పేర్లతో పిలిచేది కాదు. రోకలి రాజవ్వ. కూలికి వడ్లు దంచి పిల్లలను పెంచిన మనిషి. ఆమె చెయ్యి పట్టుకున్న చోట ఆ రోకలి నడుము సన్నబడిపోయింది. విసుర్రాయి నర్సవ్వ. జొన్నలు విసురుతూ విసురుతూనే కునుకు తీసేదట, చెయ్యి మాత్రం ఆగేది కాదట. బీడీల చేట లచ్చవ్వ. ఒడి కోసుకోకుండా దాని అంచుకు పాత చీర పేలిక చుట్టి కుట్టుకుంది. వినోద ఇల్లు ఊడుస్తుంటే స్వరాజ్యం మంచం మీద నుంచి, రాజవ్వను జర పక్కకు జరుపు, నర్సవ్వ మీద తడి పడ్డట్టుంది తుడువు అని పురమాయించేది. ఇంట్లో బతికినోళ్లకే జాగా లేదు, చచ్చినోళ్లందరికీ ఇక్కడ పడకలేసింది అని వినోద చీపురుతో గొణుక్కునేది. ఆమెనూ తప్పు పట్టలేం. ఊడవాల్సింది ఆమే కదా.

ఈ పిచ్చి స్వరాజ్యానికి పుట్టుకతో రాలేదు. ఆమె తల్లి గంగవ్వ ఊళ్లో బీడీలు చుట్టేది. తల్లి పోయిందన్న కబురు అంది, సూరత్ నుంచి రైలెక్కి, బస్సెక్కి చేరేసరికి దహనం అయిపోయింది. దినాలు గడిచాక అమ్మది ఏదైనా ఒకటి ఇవ్వండి అని అన్నలను అడిగింది. అన్నల మొహాలు మాడిపోయాయి. చెల్లెలు భూమిలో వాటా అడుగుతోందనుకున్నారు. కాదు, అమ్మ బీడీలు చుట్టిన చేట కావాలంది. అప్పుడు వాళ్లు నవ్వారు. బతికిపోయాంరా అన్నంత హాయిగా నవ్వారు. ఆ చేట దినాలకొచ్చిన చుట్టాల స్నానాలకు నీళ్లు కాగబెట్టిన పొయ్యిలోకి ఎప్పుడో వెళ్లిపోయింది. స్వరాజ్యానికి ఆ రోజు ఏడుపు కంటే కోపం ఎక్కువ వచ్చింది. అడిగితే నవ్వుతారు, కాబట్టి ఇక జన్మలో ఎవరినీ ఏదీ అడగకూడదని రైల్లోనే తీర్మానించుకుంది. అడక్కుండా ఎలా తెచ్చుకోవాలో సూరత్ వచ్చాక నేర్చుకుంది.

రెండువేల ఇరవై మార్చిలో మగ్గాలు ఆగిపోయాయి. పెళ్లయి వచ్చిన రోజు నుంచి మోగుతున్న చప్పుడు ఒక్కసారిగా ఆగేసరికి స్వరాజ్యం తనకు చెవుడొచ్చిందేమోనని కంగారుపడింది. ఊరెళ్లిపోదామంటే రైళ్లు లేవు. వీధిలోకి వెళ్దామంటే పోలీసులు. ఉన్న ఒక్క గదిలో నలుగురూ పొద్దస్తమానం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చోవాల్సి వచ్చింది. రుచిత మంచం ఎక్కి ఫోన్‌లో పాఠాలు వినేది. ఉమాకాంత్‌కు కాళ్లు చాపుకోవడానికి చోటు లేదు. మనిషికి పని లేకపోతే కాళ్లు పొడుగవుతాయేమో, ఎటు తిప్పినా రోలుకో రాయికో తగిలేవి.

ఒకరోజు అలాగే కాలి బొటనవేలు విసుర్రాయికి కొట్టుకుని గోరు లేచిపోయింది. అప్పటిదాకా తల్లి మాటకు ఎదురు చెప్పి ఎరగని ఉమాకాంత్ ఆ రక్తం చూసుకుని పెళ్లాం పక్షంలో చేరిపోయాడు. లాక్‌డౌన్ ఎత్తెయ్యగానే మొదటి భంగార్ బండికి మంచం కింది సామానంతా ఇచ్చేయాలని మొగుడూ పెళ్లాలు తేల్చేశారు. వినోద అరవలేదు, సాధించలేదు. కూర తరుగుతున్నంత మామూలుగా చెప్పింది.

"అత్తమ్మా, నీకు కోపమొస్తె రానియ్యి. గిట్ల ఇంకొక్క యాడాది బతుకుడు నాతోని కాదు."

స్వరాజ్యం గుండెల్లో రాయి పడింది. వినోద అరిస్తే ఆమెకు భయం లేదు, ఎలా అరిపించి అలిసిపోయేలా చేయాలో తెలుసు. నెమ్మదిగా చెప్పిందంటే చేస్తుంది. స్వరాజ్యం ముందు అన్నం మానేసి చూసింది. వినోద పళ్లెం మంచం పక్కన పెట్టి మూత వేసి పోయింది. సాయంత్రానికి ఆకలి నకనకలాడింది. పైగా అది మామిడికాయ పప్పు. తినేసింది. తర్వాత, రాజవ్వ కలలోకొచ్చి ఏడ్చిందని చెప్పి చూసింది. వాళ్ల ఊరికి పొమ్మను, అక్కడ జాగా బాగుంటుందని వినోద జవాబిచ్చింది.

ఇక లాభం లేదని స్వరాజ్యం బుర్రకు పదును పెట్టింది. సామాను ఇంట్లో ఉంటే బండెక్కుతుంది. ఇంట్లో లేకపోతే ఎక్కదు. చాలిలో ఇన్ని గదులున్నాయి, గదికొకటి దాచిపెట్టినా సరిపోతుంది. కానీ అందుకు ఒక్కొక్కరినీ అడగాలి. అడగటం మాత్రం చచ్చినా కుదరదు. వాళ్లంతట వాళ్లే వచ్చి పట్టుకెళ్లాలి.

పక్కగదిలో ఎల్లవ్వ ఉండేది. స్వరాజ్యం కంటే కాస్త చిన్నది, వదినె అని పిలిచేది. ఎల్లవ్వకు ఒక మాట చెప్పి, ఎవరికీ చెప్పకు అంటే చాలు, మర్నాడు నల్లాలో నీళ్లకంటే ముందు ఆ మాట వచ్చేది. నల్లా దగ్గర దూరం దూరంగా సున్నంతో గుండ్రాలు గీసి ఉన్నాయి. స్వరాజ్యం తన గుండ్రంలో బిందె పెట్టి, పక్క గుండ్రంలోని ఎల్లవ్వతో రహస్యం చెప్పే గొంతు పెట్టింది. రహస్యమే గానీ నాలుగు గుండ్రాల దాకా వినబడింది.

"మా బాపమ్మ చెప్పేది ఎల్లవ్వా. ఎనకట గత్తర వచ్చినప్పుడు, కష్టం జేసిన ఆడిదాని చెయ్యి పడ్డ సామాను ఏ ఇంట్ల ఉంటె ఆ ఇంటి గడప జబ్బు తొక్కలేదట. రోకలి గానీ, చాట గానీ. నువ్వు ఎవ్వలకు చెప్పకు."

బాపమ్మ అంటే నాయనమ్మ. గత్తర అంటే వాంతులూ బేదులతో ఊళ్లను ఊడ్చిపెట్టిన కలరా. బాపమ్మ అలాంటి మాటేదీ చెప్పలేదు. స్వరాజ్యం అసలు ఆ బాపమ్మను చూడనే లేదు. ఎల్లవ్వ ఆమె వైపే చూసింది. మూతికి కొంగు అడ్డం కట్టుకుని ఉండటంతో ఆ ముఖంలో ఏముందో స్వరాజ్యానికి తెలియలేదు. నిజమే వదినె, మా అవ్వ కూడా ఏదో గిట్లనే అనేది అని ఎల్లవ్వ బిందె ఎత్తుకుని పోయింది.

మర్నాటి నుంచి వసారాలో ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు వచ్చారు. ఎల్లవ్వ రాజవ్వను అడిగింది, రోలు లేకుండా రోకలెందుకని రోలు కూడా పట్టుకుంది. వీధివైపు గదిలో ఉండే పద్మారాణి, మొగుడితో కలిసి నర్సవ్వను మోసుకెళ్లింది. చివరి గది ఐలమ్మ చేటను తీసుకుంది. దువ్వెన ఒకరు, కవ్వం ఒకరు, మాట్ల గిన్నె ఒకరు. స్వరాజ్యం వెంటనే ఇవ్వలేదు. ఇవ్వాలా వద్దా అన్నట్టు మొహం పెట్టి, నాలుగు బతిమాలింపులు విన్నాకే ఇచ్చింది. పుణ్యానికి షరతులు కూడా పెట్టింది. మూతికి గుడ్డ కట్టుకోకుండా బయటికెళ్తే రాజవ్వకు కోపం వస్తుంది. చేతులు సబ్బుతో కడుక్కోకుండా ముడితే నర్సవ్వ ఊరుకోదు. అన్నిటికంటే ముఖ్యం, రోజూ పని చెప్పాలి. మూలన పడేస్తే తుప్పూ చెదలూ పడతాయన్న భయంతో ఆమె చివరి షరతు కల్పించింది గానీ, అది వినేవాళ్లకు శాస్త్రంలాగే వినబడింది.

మంచం కింద నేల కనబడింది. వినోద వంగి చూసి, సంతోషం పట్టలేక తడిగుడ్డతో తుడిచింది. కాళ్లు చాపుకుని పడుకున్న ఉమాకాంత్, అమ్మ ఎంత మంచిదో చూశావా అన్నాడు. అత్త ఇంత తేలిగ్గా దారికి రావడం వినోదకు వింతగానే ఉంది గానీ, వచ్చిన అదృష్టాన్ని ప్రశ్నించే మనిషి కాదామె.

తర్వాత చాలిలో కొత్త చప్పుళ్లు మొదలయ్యాయి. మగ్గాలు ఆగిన ఆ నిశ్శబ్దంలో పొద్దున్నే ఎల్లవ్వ గదిలో దంచుతున్న దబదబ వినిపించేది. మధ్యాహ్నం పద్మారాణి గదిలో గరగరమని రాయి తిరిగేది. పని చెప్పాలి కాబట్టి ఎవరికి తోచిన పని వాళ్లు చెప్పారు. ఎల్లవ్వ ఎండు మిరపకాయలు దంచింది. ఘాటుకు చాలంతా తుమ్మింది. ఆ రోజుల్లో తుమ్మంటే మాటలా, వసారాలో ఒకరినొకరు చూసుకుని తలుపులు మూసుకున్నారు. పద్మారాణి మొగుడు ఖాళీగా కూర్చోలేక ఉలి పట్టుకుని, నునుపెక్కిపోయిన రాయికి మళ్లీ గంట్లు పెట్టాడు. ఐలమ్మ మెంతులు నానబెట్టి, కాగితం గుజ్జుతో కలిపి రుబ్బి చేటను అలికింది. స్వరాజ్యం వసారాలో కూర్చుని ఆ చప్పుళ్లు వింటూ, తన తెలివికి తనే మురిసిపోయేది.

వానలు పడ్డాక భంగార్ బండి వచ్చింది. వినోద ఇవ్వడానికి ఒక డొక్కు బకెట్టు తప్ప ఏమీ మిగల్లేదు. స్వరాజ్యం ఆ బండివాణ్ని మొట్టమొదటిసారి ఇంటావిడ ఎలా ఉంది, పిల్లలు ఎలా ఉన్నారు అని పలకరించి, దూరం నుంచే చాయ్ గ్లాసు జరిపింది. అతను తాగాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాడు.

బండి పోయింది, గండం గడిచింది. ఇక మెల్లగా ఒక్కొక్కటీ తెచ్చుకోవచ్చని స్వరాజ్యం అనుకుంది. వినోద చూడకుండా ఎలా సర్దాలో కూడా పథకం వేసుకుంది. ముందుగా ఎల్లవ్వ గదికి వెళ్లి, రాజవ్వ మీద బెంగగా ఉందని చెప్పింది. జబ్బు ఇంకా పోలేదు గదా వదినె అంది ఎల్లవ్వ. పద్మారాణి తలుపు తెరవకుండానే స్నానం చేస్తున్నానని చెప్పింది. సాయంత్రం వెళ్తే మళ్లీ స్నానమే చేస్తోంది. కవ్వం తీసుకున్నామె వారం పాటు ఎదురుపడటమే మానేసింది.

స్వరాజ్యం తన పాత విద్య బయటికి తీసింది. ఎల్లవ్వ గదికి వెళ్లి, ఆ మాటా ఈ మాటా చెబుతూ రోలు మీద కూర్చుంది. మోకాలు పట్టేసిందంది. ఎల్లవ్వ అయ్యో అంటూ ఒక దిండు తెచ్చి వీపు వెనక పెట్టింది. కాసేపటికి అన్నం కలిపి తెచ్చి చేతికిచ్చింది. తర్వాత నువ్వు ఉంటే ఇల్లు నిండుగా ఉంది వదినె అని తలుపు దగ్గరేసి పడుకుంది. గురక కూడా మొదలుపెట్టింది. స్వరాజ్యం చీకటి పడేదాకా కూర్చుని, నడుము నిజంగానే పట్టేయడంతో, గోడ పట్టుకుని లేచి తన గదికి వచ్చింది. ఇలాంటి అవమానం ఆమెకు ఏ టెంపో ముందూ జరగలేదు.

మరుసటి ఏడాది ఎండాకాలం జబ్బు రెండోసారి విరుచుకుపడింది. ఐలమ్మ మొగుడు కనకయ్య ఆస్పత్రి పాలయ్యాడు. అప్పుడు స్వరాజ్యానికి మొదటిసారి భయం వేసింది. తన అబద్ధాన్ని నమ్ముకుని వీళ్లు ఏమరుపాటుగా ఉన్నారేమో, రేపు ఏదైనా జరిగితే ఆ పాపం ఎవరిదని ఆమెకు ముద్ద దిగేది కాదు. కనకయ్య చిక్కి సగమై, బతికి ఇంటికొచ్చాడు. స్వరాజ్యం ఐలమ్మ గుమ్మం ముందు దూరంగా నిలబడి, చేటలో ఏమీ లేదు, నీ మొగుణ్ని డాక్టర్లు బతికించారు, సూది వేయించుకోండి అని గట్టిగా చెప్పింది. ఐలమ్మ సూది వేయించుకుంది. చేట మాత్రం ఇవ్వలేదు.

ఆ చలికాలానికి రుచిత పెళ్లి కుదిరింది. పిల్లవాడు శివకృష్ణ సూరత్‌లోనే ఇచ్ఛాపూర్ వైపు ఒక ఫ్యాక్టరీలో పని చేస్తాడు, వాళ్లదీ సిరిసిల్ల ప్రాంతమే. అన్నీ మాట్లాడుకుని తాంబూలాలు ముగిశాక, పిల్లవాడి తల్లి వినోదను పక్కకు పిలిచి ఒక మాట అడిగింది. మా ఇంట్లో రోలూ రోకలీ లేవు, మీ అత్తగారి దగ్గర అన్నీ ఉన్నాయని ఇచ్ఛాపూర్ దాకా పేరుంది, పసుపు దంచడం మాత్రం పద్ధతిగా జరిపించండి అంది. పెళ్లికి ముందు అయిదుగురు ముత్తైదువులు పసుపు కొమ్ములు దంచి, విసుర్రాయిలో ఇన్ని గింజలు విసిరితే గానీ వాళ్లలో పెళ్లి పని మొదలైనట్టు కాదు. వినోద పొట్లం పసుపుతో కానిచ్చేద్దామనుకుంది. వియ్యపురాలి ముందు మాత్రం, దానికేం భాగ్యం, ఇంట్లోనే ఉన్నాయి కదా అనేసింది.

ఇంటికొచ్చి అత్త ముందు నిలబడింది. వియ్యపురాలు అడిగింది చెప్పింది. స్వరాజ్యం సహాయం చేయలేదు. మనవరాలి పెళ్లని సంతోషంగానే ఉంది గానీ, ఈ ఘడియ కోసం ఎన్నాళ్లు ఎదురుచూసిందో. కావాలంటే నువ్వే పోయి అడుగు, నాకైతే ఎవరూ ఇవ్వటం లేదు అని గోడవైపు తిరిగి పడుకుంది. కళ్లు మూసుకుందే గానీ చెవులు వసారాలోనే ఉన్నాయి.

వినోద కొంగు సర్దుకుని ఎల్లవ్వ గుమ్మం దగ్గరికి వెళ్లింది. రాజవ్వ కావాలంది. రోకలి అనలేదు, ఎందుకంటే ఆ చాలిలో దాన్ని ఇక రోకలి అంటే ఎవరికీ తెలియదు. ఎల్లవ్వ మారుమాట లేకుండా సరేనంది. పద్మారాణి స్నానం చేయటం లేదు. ఐలమ్మ ఇంకా అడక్కముందే చేట తుడవడం మొదలుపెట్టింది. ఇన్నాళ్లు తను కాళ్లరిగేలా తిరిగితే రానివి కోడలు నోరు విప్పగానే ఎలా కదిలాయో స్వరాజ్యానికి అంతు పట్టలేదు. ఒళ్లు మండింది.

పసుపు దంచే రోజు వాళ్లు ఆ సామానును మామూలుగా తేలేదు. ఒక్కోదానికి నీళ్లు పోసి, పసుపు రాసి, బొట్లు పెట్టి, పిల్లలతో పళ్లెం మోగిస్తూ వసారా పొడుగునా ఊరేగించారు. విసుర్రాయిని ఇద్దరు మగవాళ్లు మోస్తుంటే పద్మారాణి వెనకాల నడుస్తూ, మెల్లగా, పడేస్తే చంపుతా అంటోంది. స్వరాజ్యం గోడవార నిలబడింది. మొగుడు లేని మనిషి కాబట్టి ఆ వేళ ఆ రోకలిని ఆమె ముట్టకూడదట. అన్నేళ్లు కాపాడింది ఆమె అయినా సరే, పద్ధతి పద్ధతేనట. ముట్టకూడదన్నారు గానీ మాట్లాడకూడదని ఎవరూ అనలేదు. అందుకని ఆమె గోడవార నుంచే అందరినీ ఆడించింది. వంగి దంచు, కొమ్ము చిందుతోంది, రాజవ్వను నడుము దగ్గర పట్టుకో అని కేకలేసి, పిల్లవాడి తల్లి చేత కూడా రెండుసార్లు తిట్లు తిన్నట్టు మొహం పెట్టించింది. చివర్లో వినోదా రుచితా ఎదురెదురుగా కూర్చుని, ఒకే పిడి పట్టుకుని విసుర్రాయి తిప్పారు. తిప్పుతూ తిప్పుతూ వినోద ఏడ్చేసింది.

పెళ్లయింది, పిల్ల ఇచ్ఛాపూర్ వెళ్లిపోయింది. చాలి ఆడవాళ్లు సామాను తీసుకెళ్లడానికి వస్తారని, ఈసారి ఎలా అడ్డుపడాలా అని స్వరాజ్యం తయారుగా కూర్చుంది. ఎవరూ రాలేదు. అడిగితే, నీ సామాను నీకు ముట్టింది వదినె, ఇక మాకెందుకు అంది ఎల్లవ్వ. వినోద కూడా అడ్డు చెప్పలేదు. పైగా విసుర్రాయిని తనే వంట చేసుకునే మూలకు లాక్కెళ్లి, పిడి మీద కూతురి చేతి పసుపు పోకుండా పైన గుడ్డ కప్పింది. మిగతావన్నీ స్వరాజ్యం మంచం కిందికి సర్దుకుంది. గెలిచింది. కోరుకున్నదంతా దక్కింది.

కానీ రెండు రోజులకే ఆ గెలుపు చప్పబడింది. మధ్యాహ్నం వసారాలో కూర్చుంటే మగ్గాల మోత తప్ప ఏమీ వినపడటం లేదు. దబదబ లేదు, గరగర లేదు. ఎల్లవ్వ మిక్సీ ఒకటి గయ్యిమని అరిచి ఆగిపోయేది. స్వరాజ్యం వంగి మంచం కిందికి చూసింది. ఎల్లవ్వ అరచేతిలో నూనె తాగి నిగనిగలాడిన రోకలి ఆ చీకట్లో పడి ఉంది. ఐలమ్మ అలికిన చేట మీద అప్పుడే ఒక సాలెపురుగు కాపురం పెట్టింది. వాటిని భంగార్ వాడి నుంచి కాపాడి, మళ్లీ తనే పాతిపెట్టినట్టయింది. ఆమెకు నిజంగా దుఃఖం వచ్చింది. ఇన్నాళ్లూ దాచుకున్నాననుకున్నాను గానీ దాచటం తప్ప ఇంకేమీ చేయలేదని అర్థమై, చాలాసేపు నేల మీదే కూర్చుండిపోయింది.

అయినా బుద్ధి ఎక్కడికి పోతుంది. మర్నాడు రోకలి చంకన పెట్టుకుని, ఎల్లవ్వ గుమ్మంలో నిలబడి, మళ్లీ అదే రహస్యపు గొంతు తీసింది. జబ్బు మూడోసారి వస్తోందట, మా బాపమ్మ చెప్పినట్టు ఇంట్లో రాజవ్వ ఉంటే మంచిది, ఎవరికీ చెప్పకు అంది.

ఎల్లవ్వ చేస్తున్న పని ఆపింది. ఈసారి మూతికి కొంగు లేదు. నవ్వు స్పష్టంగా కనబడింది.

"మీ బాపమ్మ ఆ గత్తరతోనే పోయింది గదా వదినె. మీ నాయన పాలు తాగే పిలగాడట అప్పుడు. నువ్వే చెప్పినవ్, మా అత్త చచ్చిపోయిన రోజు."

స్వరాజ్యం చంకలో రోకలి జారబోయింది. అయితే అందరూ నమ్మి పట్టుకెళ్లలేదా అని అడిగింది. ఎవరు నమ్ముతారు, రోకలికి భయపడే జబ్బయితే డాక్టర్లెందుకు అంది ఎల్లవ్వ. వినోద లాక్‌డౌన్‌లో సామాను ఇచ్చేస్తానని చెప్పిన మాట గోడకవతల ఎల్లవ్వకు వినబడింది. పక్కగదికి వినబడితే చాలంతటికీ వినబడినట్టే. సామాను పోతే ముసలామె బతకదని అందరికీ తెలుసు. ఎలా అడిగి తెచ్చుకోవాలా అని వాళ్లు వసారాలో తలలు పట్టుకుని కూర్చుంటే, స్వరాజ్యమే నల్లా దగ్గర బాపమ్మ కథ తెచ్చి వాళ్ల పని సులువు చేసింది. మరి తీసుకుపోదామని వస్తే ఎందుకివ్వలేదు, నన్ను రోలు మీద దిండేసి కూర్చోబెట్టి ఎందుకు ఆడించారు అని స్వరాజ్యం నిలదీసింది.

"నీకిస్తె మల్ల బండెక్కుతయ్. నీ కోడలు తన నోటితోని అడిగేదాక ఇయ్యొద్దని అందరం ఒట్టు పెట్టుకున్నం. ఐలమ్మ మొగడు ఆస్పత్రిల ఉన్నా ఆ ఒట్టు తప్పలేదు."

స్వరాజ్యం గుమ్మంలోనే కూర్చుండిపోయింది. జీవితమంతా తను ఒక్కతే అందరినీ బోల్తా కొట్టిస్తున్నాననుకుంది. చాలికి చాలి కలిసి రెండేళ్లపాటు తనను బోల్తా కొట్టించింది, అదీ తన కోసమే. కోపం రావాలి. రాలేదు. నవ్వొచ్చింది, నవ్వు మధ్యలో కళ్లు తడిశాయి. అప్పుడు ఎల్లవ్వ ఆమె చంకలోని రోకలి వైపు చూపించి, ఇప్పుడు దీన్నెందుకు తెచ్చావో నిజం చెప్పు, లేకపోతే తీసుకోను అంది.

స్వరాజ్యం నోరు తెరిచింది. ఒక కొత్త అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది, మంచిదే, కాస్త నిలబడేదే. దాన్ని మింగేసింది. చేటనడిగి చేతులూపుకుంటూ ఎక్కిన ఆ రైలు తర్వాత ఎవరినీ ఏదీ అడిగింది లేదు. ఎలా మొదలుపెట్టాలో కూడా తెలియలేదు.

"నా దగ్గరుంటె మంచం కింద పడుంటది ఎల్లవ్వా," అంది చివరికి. "నువ్వుంచుకుంటవా?"

ఎల్లవ్వ నవ్వలేదు. లేచి చేతులు కడుక్కుని వచ్చి, రెండు చేతులతో రోకలి అందుకుంది. తర్వాత, ఐలమ్మ ఇంట్లోనే ఉంది, చేట తీసుకుని పోయి అడుగు అంది. స్వరాజ్యం చేట తేవడానికి తన గదికి నడిచింది. మోకాలు ఆ రోజు నిజంగానే నొప్పిగా ఉంది గానీ, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.